చుక్కల కిటికీ

భాద్రపదం గడిచి ఆశ్వయుజం వచ్చేసరికి మా రాయచూరు సీమలో గాలి దారి మార్చుకుంటుంది. అంతవరకు పడమటి నుంచి మబ్బులను తోలుకొచ్చిన గాలి, ఒకనాటి తెల్లవారుజామున ఉత్తరపు దిక్కు నుంచి చల్లగా ముఖానికి తగులుతుంది. ఎండలకు పేరుమోసిన జిల్లా మాది. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర పారుతున్నా, ఆ రెండు నదుల నడుమనున్న నల్లరేగడి నేలలో ఏడాదికి మూడు నాలుగు నెలలు మాత్రమే ఆరుబయట హాయిగా కూర్చోగలం. సరిగ్గా ఆ నెలల్లోనే మా చేలకు, చెరువులకు, పెరళ్ళకు దూరదేశపు పక్షులు వస్తాయి.

మా ఊరు సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. క్యాంపు అంటే గుడారాలు అనుకునేరు! 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. ఆ తరువాత ఎడమ కాలువ నీళ్ళు ఈ వైపు పారసాగాయి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు పెట్టే బేడా సర్దుకొని వచ్చి, ఇక్కడ భూములు కొని, కాలువ వెంబడి గుడిసెలు వేసుకొన్నారు. ఆ గుడిసెల గుంపులకే క్యాంపులని పేరు వచ్చింది. గుడిసెలు పోయి డాబాలు లేచినా పేరు మాత్రం నిలిచిపోయింది. మా తాతగారు అలా వచ్చినవారే. ఒకప్పుడు జొన్న, పత్తి పండిన నేలలో వరి మళ్ళు వెలిశాయి. నీరు నిలిచిన చోటికి మనుషులే కాదు, పక్షులూ చేరతాయి. ఆ మాటకొస్తే మేమూ వలస వచ్చినవాళ్ళమే. పక్షులు ఏటా తిరిగి వెళతాయి, మేము వెళ్ళలేదు, తేడా అంతే.

అందరికంటే ముందుగా మా పెరట్లో కనిపించేది తోకాడించే పిట్ట. సెప్టెంబరులోనే వచ్చేస్తుంది. గుప్పిట్లో ఇమిడిపోయేంత ప్రాణి. నేలమీద నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, పొడవాటి తోకను పైకీ కిందికీ ఆడిస్తుంది. హిమాలయాల్లోనో, ఇంకా ఉత్తరాన మధ్య ఆసియా కొండవాగుల పక్కనో పుట్టిన ఆ పిట్ట, మా అమ్మ గిన్నెలు తోముకొనే గట్టు పక్కన నీటి గుంటలో పురుగులు ఏరుకుంటుంటే చూడడం నాకెంతో ఇష్టం. తరువాత కరెంటు తీగల మీద బారులు తీరి కూర్చొనే చీలిన తోకల పిట్టలు వస్తాయి. చలి ముదిరాక చెరువుల్లోకి సూదితోక బాతులు దిగుతాయి.

గులాబీ రంగు గోరింకల సంగతి వేరు. అవి వందలు వందలుగా వస్తాయి. వాటి దేశంలో అవి మిడతలను తిని పైరును కాపాడతాయట. అక్కడి రైతులకు అవి నేస్తాలు. మన దగ్గరకు వచ్చేసరికి జొన్నకంకుల మీద పడతాయి. మంచె మీద నిలబడి వడిసెల తిప్పే రైతుకు వాటి అందచందాలతో పనేముంది? అయినా అదే మంద జొన్నతోపాటు చేలోని పురుగులనూ తింటుంది. ఒకే పిట్ట ఒక దేశంలో పంట కాపు, మరో దేశంలో పంట దొంగ.

ఇక పెద్ద బాతుల గురించి చెప్పకుండా ఉండలేను. తెల్లని తలమీద రెండు నల్లని పట్టెలుంటాయి వాటికి. మంగోలియా, టిబెట్టు సరస్సుల దగ్గర పిల్లలను చేసి, హిమాలయాలను దాటి మన చెరువులకు వస్తాయి. శాస్త్రజ్ఞులు వాటి వీపుకు చిన్న యంత్రాలు కట్టి చూస్తే, కొన్ని 7 వేల మీటర్లకు పైన ఎగిరాయని తేలింది. అంత ఎత్తున గాలి పలచనై మనుషులకు అడుగు తీసి అడుగు వేయడమే కష్టమవుతుంది. ఆ బాతుల నెత్తురుకు మాత్రం అంత పలచని గాలిలోంచి కూడా ప్రాణవాయువును పట్టుకొనే శక్తి ఉంది. మంగోలియాలో మెడకు గుర్తుపట్టీలు వేసి వదిలిన బాతులు మన కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. గదగ్ జిల్లాలోని మాగడి చెరువు వీటికి పేరుపొందిన విడిది. 2024లో ఆ చెరువుకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్సర్ గుర్తింపు లభించింది.

పక్షుల గురించి శ్రద్ధగా రాసి పెట్టుకోవడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1956 వరకు రాయచూరు జిల్లా హైదరాబాదు సంస్థానానికి, తరువాత ఆ పేరుగల రాష్ట్రానికి చెందినది. 1930ల మొదట్లో సలీం అలీ ఆ సంస్థానపు పక్షులను సర్వే చేసి, ఏ పక్షి ఎక్కడ కనబడిందో ప్రచురించాడు. అంతకంటే పాత మాట ఒకటుంది. మాకు దగ్గరలోనే మస్కి ఉంది. అక్కడ 1915లో దొరికిన శాసనంలో ‘అశోక’ అనే పేరు స్పష్టంగా కనిపించింది. అప్పటిదాకా ‘దేవానాంప్రియుడు’ అని మాత్రమే తెలిసిన రాజు ఎవరో దానితో రూఢి అయింది. ఆ అశోకుడే ఉత్తరాదిన నిలిపిన స్తంభాలమీద, చంపకూడని ప్రాణుల పట్టిక ఒకటి చెక్కించాడు. అందులో చిలుకలు, గోరింకలు, హంసలు, చక్రవాకాలు ఉన్నాయి. చక్రవాకం అనగానే కావ్యాల్లోని పక్షి అనుకుంటాం. కాదు, అది ఇటుకరంగు ఒంటితో చలికాలంలో మన తుంగభద్ర నీళ్ళమీదకు వచ్చే వలసపక్షే. రెండువేల రెండువందల ఏళ్ళకు పూర్వం ఒక రాజు దానికి అభయమిచ్చాడు. బాణం నుంచి, ఉచ్చు నుంచి కాపాడాలని ఆయనకు తోచింది. అద్దం నుంచి కాపాడవలసి వస్తుందని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

అద్దం మాట ఎందుకు వచ్చిందో చెబుతాను.

మా తమ్ముడు కొన్నేళ్ళ క్రితం పాత డాబామీద మేడగది వేశాడు. రెండు కార్ల వరి డబ్బు దానికే పోసి, ముచ్చటపడి తూర్పువైపు పెద్ద అద్దాల కిటికీ పెట్టించాడు. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. నీలిపూత పూసిన అద్దం. లోపలి నుంచి చూస్తే బయటి కాలువ, వేపచెట్టు, పొలాలు కనబడతాయి. బయటి నుంచి చూస్తే లోపల ఏముందో కనబడదు. మళ్ళీ ఆ వేపచెట్టే, ఆ ఆకాశమే కనిపిస్తాయి. చూసినవారంతా బాగుందన్నారు. నిజంగానే బాగుంది.

ఆ శరత్కాలంలో కిటికీ కింద రెండుసార్లు చిన్న పిట్టలు చచ్చి పడి ఉన్నాయి. పిల్లి పని అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. నవరాత్రుల్లో నాలుగో రోజు పొద్దున్నే మేడమీద ‘ఠప్’ మని శబ్దం వినిపించింది. పిల్లలెవరో బంతి విసిరారనుకొని మా తమ్ముడి కూతురు పైకి పరుగెత్తింది. ఆ పిల్ల అప్పుడు ఆరో తరగతి చదువుతోంది. రెండు చేతుల్లో ఒక పిట్టను పట్టుకొని మెల్లగా మెట్లు దిగి వచ్చింది. మాటలేదు, కళ్ళలో నీళ్ళు మాత్రం ఉన్నాయి.

ఆ పిట్టను నేను అంతకుముందు పుస్తకంలోనే చూశాను. వీపు ఆకుపచ్చ, రెక్కలమీద మెరిసే నీలం, గొంతు తెలుపు, కడుపు పసుపు కలిసిన గోధుమరంగు, తోక కింద కుంకుమ ఎరుపు, కంటిమీదుగా నల్లని పట్టె. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. మా పొలంలో పనిచేసే కన్నడ పెద్దాయన తొంగి చూసి ‘నవరంగ’ అన్నాడు. మన తెలుగులో దానిని పొన్నంగి పిట్ట అంటారు.

ఇక్కడ కొంచెం ఆగి దాని పేరు గురించి చెప్పాలి. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఈ జాతి పక్షులు అనేకం ఉన్నాయి. ప్రపంచంలోని శాస్త్రజ్ఞులంతా వాటిని ‘పిట్టా’ అనే పిలుస్తారు. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టాడు. అది మన తెలుగు ‘పిట్ట’యే. మనం పిచ్చుకనూ పిట్ట అంటాం, పాలపిట్టనూ పిట్ట అంటాం; ఆ మాట సముద్రాలు దాటి వెళ్ళి ఒక్క కుటుంబానికి ఇంటిపేరైంది. మన భాషలోని మాటను ప్రపంచమంతా మోసుకు తిరిగే పక్షి ఆ రోజు మా పిల్ల అరచేతుల్లో కళ్ళు మూసుకొని ఉంది.

పొన్నంగి పిట్టలు హిమాలయాల పాదాల్లోను, మధ్య భారతపు అడవుల్లోను వానాకాలంలో పిల్లలను చేసి, వానలు తగ్గాక దక్షిణాదికి, సింహళానికి వస్తాయి. రాత్రిపూట ప్రయాణం చేస్తాయి. చాలా చిన్న పక్షులకు అదే అలవాటు. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది; డేగల భయం ఉండదు; పగలు దిగి మేత చూసుకోవచ్చు. నక్షత్రాలను, భూమి అయస్కాంత శక్తిని ఆనవాలుగా పెట్టుకొని అవి దారి కనుక్కొంటాయి. తెల్లవారేసరికి అలసిపోయి, ఎక్కడ చెట్టు కనబడితే అక్కడ దిగుతాయి. అలా మా వేపచెట్టు దగ్గర దిగిన పిట్టకు రెండు వేపచెట్లు కనిపించాయి. ఒకటి నిజమైనది, రెండోది అద్దంలోది.

చెప్పుల పెట్టె ఒకటి తెచ్చి, అడుగున మెత్తని పాతగుడ్డ పరిచి, గాలికి చిల్లులు పొడిచి, పిట్టను అందులో ఉంచి మూతపెట్టాం. పక్కింటావిడ నోట్లో నీళ్ళు పోయమన్నది. మంచి మనసుతోనే అన్నది గాని, తెలివి లేకుండా పడి ఉన్న పక్షి గొంతులో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. దెబ్బతిన్న పక్షికి కావలసింది చీకటి, వెచ్చదనం, నిశ్శబ్దం. మాటిమాటికి మూత తీసి చూడకూడదు. ఒకటి రెండు గంటలకు తేరుకొంటే లోపల గిలగిల కొట్టుకొన్న చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు ఆరుబయట, అద్దాలకు దూరంగా, చెట్లవైపు తిప్పి మూత తీయాలి. తేరుకోని పక్షిని అటవీశాఖ వారికి గాని, పశువైద్యునికి గాని చూపించాలి. పంజరంలో పెట్టి పెంచుకోవడం మాత్రం కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని నేరమంటుంది.

మా పిల్ల ఆ పెట్టె పక్కనే కూర్చుంది. రెండు గంటలు గడిచాయి, చప్పుడు లేదు. మూత తీసేసరికి పిట్ట ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

అద్దానికి తగిలిన పక్షులు మెడ విరిగి చస్తాయని చాలామంది అనుకొంటారు. అసలు కారణం తలలో నెత్తురు కారడం. అమెరికాలో డేనియల్ క్లెమ్ అనే ఆచార్యుడు 1970లలో మొదలుపెట్టి జీవితమంతా ఈ ఒక్క విషయాన్నే శోధించాడు. అద్దానికి తగిలిన పక్షుల్లో ఇంచుమించు సగం చనిపోతాయని ఆయన చెప్పాడు. వెంటనే లేచి ఎగిరిపోయినవాటిలో కూడా కొన్ని లోపలి దెబ్బలతో తరువాత చనిపోతాయి. 2014లో వెలువడిన ఒక లెక్క ప్రకారం ఒక్క అమెరికా దేశంలోనే ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షులు ఇలా చస్తున్నాయి. మేఘాలనంటే మేడలే ఇందుకు కారణమనుకొంటాం. కాని ఆ లెక్కలో వాటి వంతు నూటికి ఒకటి కూడా లేదు. తక్కినదంతా మామూలు ఇళ్ళు, కొద్ది అంతస్తుల కట్టడాలు. అంటే మా తమ్ముడి మేడగది వంటివే.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. నవరాత్రుల్లో ఇంటికి పిట్ట తగిలి చావడం అపశకునమని, శాంతి చేయించాలని అమ్మ పట్టుబట్టింది. వేలకు వేలు పోసి పెట్టించిన కిటికీని తీయించేది లేదని తమ్ముడు అన్నాడు. వాడన్నదాంట్లోనూ న్యాయముంది. అందుచేత నేను ఇద్దరిలో ఎవరితోనూ వాదించలేదు. పిల్ల మాత్రం ఒకే ప్రశ్న వేసింది.

“పెదనాన్నా, అక్కడ అద్దం ఉందని దానికి తెలియదా?”

తెలియదు. మనకు మాత్రం పుట్టుకతో తెలుసా? పాకే పిల్లలు అద్దాల తలుపుకు నుదురు కొట్టుకోవడం చూస్తాం. చౌకట్టు, పిడి, మరకలు, చెయ్యిపెడితే చల్లదనం — ఇన్ని ఆనవాళ్ళమీద మనం అద్దాన్ని నేర్చుకొంటాం. పక్షికి చౌకట్టు అంటే చెట్ల కొమ్మల నడుమ సందు వంటిదే. అందులో ఆకాశం కనిపిస్తే అది దారి అనుకొంటుంది. ఎదురెదురుగా రెండు కిటికీలున్న గదిలో అయితే నీడ కూడా అక్కర్లేదు. అవతలి వెలుగు కనబడితే చాలు, గదిగుండా దూసుకుపోదామని వస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మీ ఇంట్లో గోడకు వేలాడే అద్దాన్ని పిచ్చుక ముక్కుతో టకటకా పొడవడం మీరు చూసే ఉంటారు. అది వేరు. అది తన నీడను శత్రువనుకొని పోట్లాడుతోంది. అలసిపోతుందే గాని చావదు. అద్దంమీద ఒక తువ్వాలు కప్పితే ఆ యుద్ధం ముగుస్తుంది. నేను చెబుతున్న పక్షి అద్దాన్ని చూడనే చూడదు, చెట్టును చూస్తుంది.

తమ్ముడు మరునాడు రాయచూరు వెళ్ళినప్పుడు డేగ బొమ్మ ఉన్న నల్లని కాగితం ఒకటి కొనుక్కొచ్చి అద్దం నడిమధ్యన అంటించాడు. డేగను చూసి పిట్టలు బెదురుతాయని అంగడివాడు చెప్పాడట. విజయదశమి నాడు ఒక బుల్బుల్ పిట్ట ఆ డేగకు జానెడు దూరంలో వచ్చి కొట్టుకుంది. అది బతికింది, పెట్టెలో గంటసేపు ఉండి వెళ్ళిపోయింది. కదలని డేగ డేగ కాదని పిట్టకు తెలుసు. అది దానిని ఒక అడ్డుగా మాత్రమే ఎంచి, పక్కనున్న ‘ఆకాశం’లోకి దారి తీసుకొంది. లోపం బొమ్మలో లేదు, బొమ్మ చుట్టూ మిగిలిన ఖాళీలో ఉంది.

పరిశోధకులు చెప్పేది కూడా ఇదే. అద్దం బయటివైపు, అంతటా, రెండంగుళాలకొకటి చొప్పున గుర్తులుండాలి. ఒక్కో గుర్తు పావంగుళమైనా వెడల్పుండాలి. ఇంత దగ్గరగా గుర్తులుంటే తన రెక్కలు పట్టే సందు లేదని పక్షి పక్కకు తిరిగిపోతుంది. గుర్తులు లోపలివైపు పెడితే నీడ వాటిని కప్పేస్తుంది, లాభం తక్కువ. ఈ సంగతి రాత్రి భోజనాల దగ్గర చెబుతుంటే అమ్మ విన్నది.

“అంటే చుక్కలేగా! ఆమాత్రానికి ఇంత చదువెందుకురా? అరవై ఏళ్ళుగా వాకిట్లో పెడుతున్నది మరేమిటి?” అన్నది.

అమ్మ అన్నమాట అక్షరాలా నిజం. ముగ్గుకు చుక్కలు పెట్టడమంటే నేలను సమానమైన గళ్ళుగా కొలవడమే. బద్ద లేకుండా, దారం లేకుండా, వేళ్ళ ఒడుపుతో వరుస తప్పకుండా పెట్టగలదు అమ్మ. కిటికీ ముందు వసారా కప్పు ఉంది కాబట్టి నిచ్చెనతో పని లేకపోయింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి, పీట వేయించుకొని కూర్చుంది. సున్నంలో తుమ్మజిగురు కలిపించింది. పిల్ల పై వరుసలు, అమ్మ కింది వరుసలు పంచుకొన్నారు. ఆరడుగుల వెడల్పుకు వరుసకు 36 చుక్కలు. నాలుగడుగుల ఎత్తుకు 24 వరుసలు. మొత్తం 864. పిల్ల ఆ గుణకారాన్ని అక్కడికక్కడే వేళ్ళమీద చేసింది. శాంతి సంగతి అమ్మ మళ్ళీ ఎత్తలేదు.

వారం తిరగకుండా బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి రెండు రోజులు ముసురు పట్టింది. సున్నపు చుక్కలన్నీ కరిగి, కన్నీటి చారల్లా అద్దంమీద జారాయి. లారీల వెనుక పేర్లు రాసే కుర్రాడిని పిలిపించి, తెల్లని ఎనామిల్ రంగుతో మళ్ళీ చుక్కలు పెట్టించాం. అతడు ఒక పూటలో పని ముగించి, చివరిదాకా ఇది దేనికో అర్థంకాక, “గీతలు ఎప్పుడు కలపాలి సార్?” అని అడిగాడు.

లోపలి నుంచి చూపుకు అడ్డమవుతుందేమోనని తమ్ముడు మొదట సణిగాడు. లెక్క వేసి చూపించాను. అన్ని చుక్కలూ కలిపినా అద్దంలో నూటికి రెండు వంతులు కూడా లేవు. నాలుగు రోజులకు కంటికి ఆనడమే మానేశాయి. కాలువ, వేపచెట్టు ఎప్పటిలాగే కనిపిస్తున్నాయి. మా మరదలికి మాత్రం మొదటి నుంచీ అవి నచ్చాయి. పండుగనాటి కిటికీలా ఉందన్నది. ఆ ఏడు చలికాలం పోయేదాకా ఆ కిటికీకి ఒకే ఒక పావురం రెక్క తగిలించుకొని వెళ్ళింది.

మిగిలిన కిటికీలకు ఇంత శ్రమ పడలేదు. మెట్ల దగ్గర పొడవాటి అద్దం ముందు, పైన కమ్మీ కట్టి, నాలుగంగుళాలకొకటి చొప్పున పురికొసలు వేలాడదీశాం. గాలికి అవి కదులుతుంటే పక్షికి ఇంకా బాగా తెలుస్తుంది. వెనుకగదికి బయటివైపున దోమల జాలీ బిగించాం. దానివల్ల నీడ పడదు. పొరపాటున పక్షి తగిలినా మెత్తగా వెనక్కి వస్తుంది. పక్షులకు, దోమలకు ఒకే ఖర్చు. కిందనున్న పాత ఇంటి జోలికి పోనక్కరలేకపోయింది. మా తాతగారి నాటి చెక్క రెక్కల కిటికీలు, నిలువు ఇనుప ఊచలు. ఆ ఊచలు దొంగల కోసం పెట్టించారు. పిట్టలకూ అవే కాపలా అయ్యాయి.

నీళ్ళ మూకుడు, వరికంకుల కుచ్చు ఉన్నచోటు కూడా మార్చాం. కుచ్చును కిటికీకి నాలుగైదు గజాల దూరంలో కడితే, బెదిరిన పిచ్చుక పూర్తి వేగం అందుకొని అద్దానికి తగులుతుంది. అద్దానికి మూడడుగుల లోపల కడితే, ఎగరబోయే పిట్టకు వేగం అందదు కనుక దెబ్బ తగలదు. లేకపోతే పది గజాలకు మించిన దూరంలోనైనా కట్టాలి. దగ్గర పెడితే ప్రమాదం ఎక్కువ కదా అని ఎవరికైనా తోస్తుంది. జరిగేది మరోలా ఉంటుంది. రాత్రిపూట మేడమీద ఊరకే వెలిగే దీపాన్ని ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో ఆర్పేస్తున్నాం. రాత్రి ప్రయాణం చేసే పక్షులను దీపాల కాంతి దారి తప్పించి కిందికి లాగుతుంది.

దీపాలు, అద్దాలు కలిస్తే ఏమవుతుందో 2023 అక్టోబరు 5న అమెరికాలోని చికాగో నగరం చూసింది. ఆ నగరంలో సరస్సు ఒడ్డున అద్దాల గోడలతో ఒక పెద్ద సభాభవనం ఉంది. వలసలు ముమ్మరంగా ఉన్న ఒక్క రాత్రిలో ఆ భవనానికి తగిలి ఇంచుమించు వెయ్యి పక్షులు చనిపోయాయి. పొద్దున్నే వాటిని ఏరి వరుసగా పేర్చిన చిత్రాలు లోకమంతా చూసింది. మరుసటి ఏడు వేసవిలో ఆ భవనం వారు పన్నెండు లక్షల డాలర్లు వెచ్చించి, కిటికీల అద్దాలకు చిన్న చిన్న చుక్కలున్న పలచని పొర అంటించారు. ఆ శరత్కాలంలో పక్షుల చావులు నూటికి తొంభై అయిదు వంతులు తగ్గాయి. ఈ వార్త నేను చదివి వినిపించినప్పుడు అమ్మ ఆశ్చర్యపోలేదు. అన్ని డాలర్లు ఎందుకయ్యాయని మాత్రం అడిగింది.

సింధనూరులో, రాయచూరులో ఇప్పుడు కట్టే దుకాణాలు, కల్యాణమంటపాలు, ఆసుపత్రులు ముందువైపు నిలువెల్లా అద్దాలే. మా ఊరు ఎండలకు అద్దాల గోడ లోపల గది పొయ్యిలా కాగుతుంది. దానిని చల్లార్చడానికి మళ్ళీ యంత్రాలు. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట అద్దాల గోడ ఎవరికి సుఖమో నాకు బోధపడదు. ఆ గోడల కింద తెల్లవారకముందే ఊడ్చేస్తారు కాబట్టి ఏ పక్షులు పడ్డాయో ఎవరికీ తెలియదు. బడికి వెళ్ళే దారిలో అటువంటి గోడ ఉంటే మీరు ఒక పని చేయవచ్చు. అక్టోబరు, నవంబరు నెలల్లో పొద్దున్నే దాని కింద ఒకసారి చూడండి. పిట్ట కనబడితే తేదీ, వేళ, చోటు రాసిపెట్టుకోండి. పేరు తెలియకపోతే రంగులు రాయండి.

మా పిల్ల అలాంటి పుస్తకమొకటి పెట్టింది. మొదటి పుట చచ్చిపోయిన పొన్నంగి పిట్టది. తరువాతి పుటల్లో వచ్చిన పక్షులు, వచ్చిన తేదీలు. తోకాడించే పిట్ట ఏ ఏడు ఏ రోజున వచ్చిందో అందులో ఉంది. ఇటువంటి చిన్న లెక్కలు పెద్ద శాస్త్రానికి అవసరమే. 2007లో బెంగళూరు శాస్త్రజ్ఞులు వలసపక్షులు ఎప్పుడు ఎక్కడ మొదట కనబడ్డాయో దేశమంతటి నుంచి సేకరించడం మొదలుపెట్టారు. వాటిని పంపినవారిలో శాస్త్రజ్ఞులకంటే మామూలు మనుషులే ఎక్కువ. ఇప్పుడు ఆ పని ‘ఈబర్డ్’ ద్వారా సాగుతోంది. మా పిల్ల కూడా వాళ్ళ నాన్న ఫోనులో తన లెక్కలు అందులోకి ఎక్కిస్తుంది. పక్షుల పేర్లు మాత్రం తన పుస్తకంలో మూడు భాషల్లో రాసుకొంటుంది. తెలుగు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర, కన్నడం పొలంలో, మూడోది పుస్తకాల్లో నేర్చింది.

పోయిన ఏడు అక్టోబరు రెండో వారంలో ఒక పుట నింపింది. సూర్యోదయానికి ముందు పెరట్లోంచి రెండు స్వరాల ఈల వినిపించింది. మొదటిది పైకి లేచి, రెండోది కిందికి దిగింది. తమిళులు ఈ పక్షిని ఆరుగంటల పిట్ట అంటారు. పొద్దున, సాయంత్రం ఆ వేళకే కూస్తుంది. అరటిచెట్ల కింద రాలిన ఆకులను ముక్కుతో తిరగేస్తూ పురుగులు ఏరుకుంటోంది. మేమంతా వంటింటి గుమ్మంలో ఊపిరి బిగపట్టి నిలబడ్డాం. మేడ కిటికీ వైపు ఒకసారి ఎగిరింది. సగం దూరం పోయి, చుక్కల ముందు రెక్కలు విప్పి మలుపు తిరిగి, వేపకొమ్మ మీద వాలింది. మూడు రోజులు ఉంది. నాలుగో రోజు ఆరుగంటలకు ఈల వినబడలేదు. అప్పటికి ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి ఉత్తరం నుంచి వీస్తోంది. మా పిల్ల పుస్తకంలో ఆ తేదీ ఎదుట “దక్షిణానికి” అని రాసింది.